చెప్పు

చుట్టుగుంట దాటి యార్డు గేటు దాకా వచ్చాక
కాటా గుమస్తా నవ్వాడు:
"యేసుపాదం, రెండో చెప్పేదయ్యా?"
చూసుకుంటే కుడికాలు బోసిగా ఉంది.
ఎక్కడ జారిందో,
ఒంటిచెప్పుతో ఎంత దూరం నడిచానో
కాలు నాకు చెప్పలేదు.

ముప్పై ఏళ్ళు చెప్పింది.
లారీకి వేసిన జానెడు బల్ల,
నెత్తిన తేజ కాయల టిక్కీ,
ఘాటుకి కళ్ళు మూసుకుపోయే మార్చి మధ్యాహ్నాలు.
బొటనవేలు బల్లని తడిమి పైకి కబురంపేది:
ఇదిగో మేకు, ఇదిగో వంపు,
కాస్త ఎడమకి ఒరుగు.
నాకు తెలిసేలోపే నడుం సర్దుకునేది.
పాదానికీ నడుముకీ మధ్య ఆ గుసగుస
ఒక్కనాడూ చెవినబెట్టలేదు.
కూలి మాత్రం నేను పుచ్చుకునేవాణ్ణి.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ
రెండు కొమ్ముల ఇనపముక్కని తాటించి
నా చీలమండ మీద ఆనించింది.
"జుమ్మంటోందా?"
చెవిలో జుమ్మంది. ఎముకలో ఏమీ లేదు.
"కళ్ళు మూసుకుని నిలబడు తాతా."
మూశాను.
గది ఒరిగింది.
గది కాదు, నేను.
నలభై కిలోల బస్తాలు ఆడుతూ ఎత్తినవాణ్ణి
ఆ బక్క చేతులు పట్టుకుని ఆపాయి.
"షుగరు నరాల్ని తినేసింది.
చూసి నడు. ఇక నీ కాళ్ళకి కళ్ళే దిక్కు."

అందుకే మొహాన సబ్బు పెట్టుకునేప్పుడు
మోచెయ్యి గోడకి ఆనించుకుంటాను.
నడిచేప్పుడు పాదాల్నే చూస్తాను,
పోగొట్టుకున్న రూపాయి వెతుకుతున్నట్టు.

కరుణమ్మ తొడిమలు తీసే పనికి పోతుంది.
పక్కావిడతో ఊసులాడుతూ,
కాయకేసి చూడనన్నా చూడకుండా
ఆమె వేళ్ళు తొడిమని కనుక్కుంటాయి.
రాత్రికి ఆ వేళ్ళు భగభగ.
మజ్జిగ గిన్నెలో చెయ్యి ముంచి మూలుగుతూ కూర్చుంటుంది.
సిగ్గు విడిచి చెబుతున్నా,
ఆ మంట చూస్తే నాకు కుళ్ళు.

నిన్న అర్ధరాత్రి కరెంటు పోయింది.
మంచం మీంచి కాళ్ళు దించాను.
నేల తగిలిందో లేదో,
ఉందో లేదో.
ఒంటేలుకి పోవాలి.
చీకట్లో గాజుల చప్పుడు,
నా మోచేతి కింద మజ్జిగ వాసన వేసే చెయ్యి.
"నేలే. నిలబడు.
రెండడుగుల్లో గడప. ఎత్తి వెయ్యి.
అవతల తడి..."
నిద్రమత్తులో ఆమె గొంతు ఆగినప్పుడల్లా
గాల్లో కాలు ఆపి
నేనంటాను:
చెప్పు.