కాటా చీటీల వెనుక

మిర్యాలగూడ మిల్లు కాడ
కాటా చీటీల వెనుక రాసుకుంట, మాటలు.
లారీకి లారీకి నడుమ
ఒక ప్యాసేజీ, ఐదు ప్రశ్నలు.

నిన్న 'హస్క్' అంటే ఊక అని రాసిన.
అది నాకెవరు చెప్పాలె?
రెప్పల మీద రోజూ దులుపుకునేదేనాయె.

ఇయ్యాల 'హస్కీ' వచ్చింది.
బొంగురు గొంతు, అన్నది పుస్తకం.
ఊకకూ గొంతుకూ ఏం సుట్టరికమో
ఎంత సదివినా అర్థం కాలే.

అంతల హమాలీ సైదులన్న
కిటికీల తల పెట్టి
"నూట పది బస్తాలు, రాసుకో బిడ్డా" అన్నడు.
ఇరవై రెండేండ్ల దుమ్ము
ఆ గొంతులకెల్లి రాలింది.

చీటీ తిప్పి
బస్తాల లెక్క రాసిన.
మళ్ల తిప్పి, ఆ మాట పక్కన
అర్థం కొట్టేసి
సైదులన్న అని రాసిన.

మార్కు పడదు, తెలుసు.