పావు చుట్టు

నాలుగు పాయింట్ ఎనిమిది.
మాసబ్‌ట్యాంక్ బంకు పక్క వ్యానులో
పిల్లగాడు తల అడ్డంగా ఊపాడు.
తొంభయ్యారు మోడల్ మారుతి,
సైలెన్సర్‌లో గొట్టం
జ్వరం చూసే పుల్లలా.

ఖుద్దూస్ భాయి ఎయిర్ ఫిల్టర్ దులిపాడు:
బోలెడు దుమ్ము, ఎక్కడిదో ఒక వేపపువ్వు.
కార్బురేటర్‌కు చెవి ఆనించి
స్క్రూ పావు చుట్టు తిప్పాడు.
"చల్లటి ఇంజను అబద్ధం చెప్తది సాబ్,
మెహదీపట్నం దాకా ఉరికిచ్చి తీస్కరా."

ఉరికించాను.
రెండు పాయింట్ ఆరు!
ఆరునెలల కాగితం చేతికొచ్చింది.
నంబరు ప్లేటు ఫోటోలో
నా బొటనవేలు కూడా పడింది.

డబ్బులివ్వబోతే
భాయి చెయ్యడ్డం పెట్టి ఆగమన్నాడు,
పాన్‌డబ్బా పట్టుకుని వంగిపోయి
దగ్గుతున్నాడు.
నలభయ్యేళ్లుగా ఊళ్లోని సైలెన్సర్లన్నిటి వెనకా
కూర్చున్న మనిషి.

తాళం తిప్పి ఇంజను ఆపేశాను.
దగ్గు ఇంకా
నడుస్తూనే ఉంది.