ఒకే తోక

పొద్దున్న ఎనిమిదింటికి లాటిన్.
నలుగురం. రేడియేటర్ ఒక్కటే
మాకంటే ముందే లేచి దగ్గుతూ ఉండేది.

అయోవాలో ఆ ఏడు, నలభై ఎనిమిది,
మంచు కిటికీ సగందాకా పేరుకుని
మొక్కజొన్న మోళ్లు కూడా కనబడేవి కావు.

ఎల్డన్ క్రోగ్‌ది ఆఖరి బెంచీ.
నాకంటే ఆరేళ్లు పెద్ద. యుద్ధం చేసొచ్చినందుకు
సర్కారు డబ్బుతో చదువు,
మిలిటరీ వాళ్లు వదిలేసిన రేకుల షెడ్డులో కాపురం,
భార్య, నెలల పాప, కిరసనాయిలు స్టవ్వు.
రాత్రిళ్లు డైనింగు హాల్లో
తను పళ్లేలు కడిగేవాడు, నేను తుడిచేదాన్ని.
వేణ్ణీళ్లలో చేతులు పెట్టి
చాలాసేపు తీసేవాడు కాదు.
అడగలేదు నేను. అడగడం ఇంకా నేర్చుకోలేదు.

మిస్ ప్రూయిట్ సుద్దముక్కని
సిగరెట్టులా పట్టుకునేది.
"ఈ విభక్తికి పనులు మూడు" అంది.
నుంచి. తో. లో.
ఊరి నుంచి, కత్తితో, చలికాలంలో.
అన్నిటికీ వెనక అదే తోక.
"ఎక్కడ ఏదో మీరే పోల్చుకోవాలి,
మాట చెప్పదు."

నాకు ఒళ్లు మండింది.
డచ్చి పాలవాళ్ల పిల్లని. మా ఇంట్లో
ఏ క్యాను మూత ఆ క్యానుకే.
విడిపోవడానికీ తోడుండడానికీ
ఒకే గుర్తు పెట్టుకున్న మనుషులు
లెక్కలెలా రాసుకున్నారో!

అప్పటికే ఎల్డన్ నిద్రపోయాడు.
పాపకి పళ్లొస్తున్నాయని తర్వాత తెలిసింది.
ఆవిడ లేపలేదు,
గొంతు తగ్గించింది, అంతే.
ఆ గంటంతా రోమన్ల యుద్ధాన్ని మేం
జోలపాటంత మెల్లగా చదివాం.

మార్చి పరీక్షలో ఒక ప్రశ్న.
విడిగా ఒకటే మాట, ఆ విభక్తిలో.
ఎల్డన్ రాశాడు:
స్నేహితుల నుంచి.
స్నేహితులతో.
స్నేహితుల్లో.
ఏదీ కొట్టెయ్యలేదు.
ఎర్ర సిరాతో ఆవిడ "ఒకటి ఎంచుకో" అని రాసి
కాగితం తిరిగిచ్చింది.
ఎంచుకోలేదు. అరమార్కు పోయింది.

ఆ రాత్రి సింకు దగ్గర
తనంతట తనే నాలుగు పేర్లు చెప్పాడు,
వరసగా, హాజరు పిలిచినట్టు.
నాలుగో పేరు దగ్గర గొంతు సవరించుకుని
మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు.

ఏ పేరు చివర ఏం చేర్చాలో
నాకు తెలీలేదు.
గుడ్డ తడిసిపోయింది, మార్చుకున్నాను.
ఇంకా గ్లాసులున్నాయి.