మొకం తప్ప

నెక్కొండ స్టేషన్ల దిగింది ఇనుప పెట్టె,
పెట్టెల మూడు రీళ్ల ఏసయ్య.
ఎడ్లబండి మీద వాడ దాక తెచ్చినం.
జనరేటర్ నర్సంపేటది, కిరాయిది,
డీజిల్ మనమే పోసుకోవాలన్నడు.

శుభ శుక్రవారం.
కల్లాలల్ల మిర్చి ఎండే దినాలు.
ఊరంత ఒకటే దగ్గు.

తెర కట్టకముందే లొల్లి లేచింది.
సంఘపెద్ద జక్కరయ్య రెండో ఆజ్ఞ తీసిండు:
పోలిక జెయ్యొద్దన్నడు దేవుడు.
బొమ్మలిడిశిపెట్టి వచ్చినోళ్లం,
మళ్ల బొమ్మ ముంగట కూసుందమా?
కట్కూరి ఏలీయా లేచిండు:
ఆ ఏషమేసినాయన ఇంకో సిన్మల సిగరెట్ తాగుతడు,
హన్మకొండ టాకీసుల నా కండ్లతోని సూసిన.
పీటర్ సారు ఒక్కడే అటు దిక్కు:
సదువు రానోళ్లకు వాక్యం కండ్లకెల్లి పోవద్దా?
ఎనకకెల్లి ఎవలో అడిగిండ్రు
ఎండల తిరిగినోడు గంత తెల్లగెట్లున్నడని.
దానికి ఎవ్వలు జవాబియ్యలే.

పాస్టరయ్య కాజీపేటకెల్లి అప్పుడే దిగిండు.
ఉపాసమున్నడు, గొంతు పొయ్యింది.
తీర్పు జెప్పిండు మెల్లగ:
మొకం తప్ప అన్నీ సూపియ్యండ్రి.

గట్ల నాకు పని దొరికింది.
పన్నెండేండ్లోన్ని, ఎత్తుపీట మీద నిలవెట్టిండ్రు.
చేతిల సెలైన్ సీసలొచ్చిన డబ్బా అట్ట,
ఆరెంపీ దగ్గర అడుక్కొచ్చింది.
దాని మీద గాజు గ్లాసు బొమ్మ,
పగుల్తది పైలమని.

మొకం రాంగనే అడ్డం పెట్టాలె,
పోంగనే తియ్యాలె.

సముద్రమొచ్చింది. వలలొచ్చినయ్.
మెడ దాక అంగీ, పైన చీకటి.
కొండ మీది ప్రసంగం సగం అట్టకే జెప్పిండు.
రొట్టె ఇరిశిన చేతులొచ్చినయ్,
గుడ్డోని కండ్ల మీద బురద పూసిన చేతులొచ్చినయ్.
బల్బు వేడికి నా మునేళ్లు కమిలినయ్.
మొకం ఎప్పుడొస్తదో నాకెట్ల తెల్వాలె?
తెర ఇడిశి జనాన్ని సూసెటోన్ని.
వాళ్ల మెడలు సాగంగనే అట్ట లేపుడు.

సిలువ నిలవెట్టే యాళ్లకు
గాలి కల్లం దిక్కుకెల్లి మర్రింది.
మిర్చి ఘాటు. వాడంత కండ్లు మూసుకున్నది.
ఏడ్చినోళ్లెవలో, ఘాటుకు నీళ్లు గారినోళ్లెవలో
ఇప్పటికీ లెక్క తేలలే.
జక్కరయ్య తువ్వాల మొకాన కప్పుకున్నడు.
నేను తుమ్మిన.
అట్ట జారి కిందవడ్డది.

తెరనిండ మొకం.
నేనొక్కన్నే సూసిన.

ఇంటికొచ్చే తొవ్వల మా నాయినమ్మ,
బాప్తిస్మంల లూదియ, వాడల ఇంకా లచ్చువమ్మే,
శాన దూరం మాట్లాడలే.
మోరీ దాటినంక అన్నది:
మొకం దాసిండ్రు గని బిడ్డా, దాసేటిది అది గాదు.
ఆ చేతులు సూసినవా?
వడ్లోల్లింట్ల పుట్టి, రంద గుంజి గుంజి పెరిగిన చేతులా అవి?
ఒక్క కాయ గాయలే, ఒక్క గోరు నల్లవడలే.
మేకు దిగకముందే మచ్చలుండాలె గదరా.
ఇంటికొచ్చి తన చేతులు రెండూ
కుండనీళ్లల్ల ముంచి కూసున్నది,
పొద్దంత మిరపకాయ తొడిమెలు తీసినయి.

వానలు పడకముందే సంఘం రెండైంది.
రైలుగేటు అవతల రేకుల షెడ్డు,
ఇవతల గూనపెంకల గుడి.
రెండు దిక్కుల నన్ను పిలిశి అడిగిండ్రు
అట్ట సక్కగ పట్టినవా అని.
పట్టిన అన్న,
ఇవతల, అవతల.

అట్ట శాన్నాళ్లు మా ఇంట్ల
తొక్కు జాడి మీద మూతగ ఉండె.
మొకం ఎట్లుండె అని నాయినమ్మ ఎన్నడడగలే.
అడిగితే జెప్పేటోన్ని:
కనుబొమ్మ మీద ఈగ వాలి ఉండెనే.
తోలుకుందమంటే
చేతులు ఖాళీ లేవు.