తెలుగు ప్రతి

అప్పు కాగితాలు అరవై రెండు పేజీలు.
సోమవారం కౌన్సిల్ మీటింగుకి తెలుగులో కావాలన్నారు కమిషనర్ గారు
శుక్రవారం సాయంత్రం, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.
డిగ్రీలో స్పెషల్ తెలుగు చదివింది
ఆఫీసు మొత్తానికి నేనొక్కణ్ణేనట.

బయట నర్సాపురం కాలువ,
దాళ్వాకి వదిలిన నీళ్ళు
గుర్రపుడెక్కని మోసుకుంటూ నిండుగా పోతున్నాయి.
లోపల ట్యూబులైటు కింద నేను
స్టేక్‌హోల్డరు దగ్గర ఆగిపోయాను.
వాటాదారు అని రాశాను. కొట్టేశాను.
దేంట్లో వాటా?

మూడో అనుబంధం, ఏడో పేరా:
ఆదాయం రాని నీరు నలభై శాతం నుంచి పదిహేనుకి తగ్గాలి.
లెక్క తీస్తే అందులో
రైలు గేటు అవతల వీధి కుళాయిలు పద్దెనిమిది.
తెల్లారుజామున అక్కడ బిందెలు
మనుషులు లేకుండానే వరసలో కూర్చుంటాయి.
ఒక్క బిందె కూడా వరస తప్పగా చూడలేదు.
దీన్నేమని రాయను?
"నష్టం" అని రాశాను. ఇంగ్లీషులో అదే ఉంది.

ఖాళీ పోస్టులు నింపరాదని ఇంకో పేరా.
ఫిట్టరు కడలి పోతురాజు మొన్న మార్చిలో రిటైరయ్యాడు.
ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే
ఏ వీధికి నీళ్ళెక్కుతాయో
అతని మణికట్టుకే తెలుసు.
ఆ పేరా అతని కుర్చీ గురించేనని
రాసినవాడికి తెలిసి ఉండదు.

సోమవారం
అప్పిచ్చేవాళ్ళ తరఫున ఇద్దరొచ్చారు. మంచివాళ్ళే.
కొబ్బరి బోండాలు తాగి, కాయకెంతని అడిగి, రాసుకున్నారు.
పదకొండో వార్డు మల్లాడి నూకరత్నం లేచి
"ఆదాయం రాని నీళ్ళంటే
మా పేట కుళాయిలేనాండీ?" అంది.
అందరూ నా వైపు చూశారు.
నేను పేజీ తిప్పాను.

తీర్మానం ఏకగ్రీవం.
ఒప్పందం మీద తేదీ అప్పుడు చూశాను,
మేం చర్చించడానికి నలభై రోజుల ముందుది.

అబద్ధమెందుకు, పైపులొచ్చాయి.
మేడ మీద ట్యాంకుకి మోటారు లేకుండానే ఎక్కుతున్నాయి నీళ్ళు.
గుమ్మం పక్కన మీటరు గిర్రున తిరుగుతుంటే
మా ఆవిడ బియ్యం కడుగు పారబోయడం మానేసింది.
గేటు అవతల పద్దెనిమిది సిమెంటు దిమ్మలు మిగిలాయి,
ఒకదాని మీద ఎవరో రొయ్యపొట్టు ఎండబెట్టుకుంటున్నారు.

అరవై రెండు పేజీల్లోనూ
నేను తడుముకోకుండా రాసింది చివరి వాక్యమొక్కటే:
"రెండు ప్రతులకీ తేడా వచ్చినచోట
ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది."