ఎంగిలి

కాలవలు కట్టేసిన నెల.
ఆలమూరు అవతల, దాళ్వా కోసిన చేలో
మూడో రాత్రి మంద.
రాత్రికింతని ధాన్యం బేరం.

గొట్టం చేతికిస్తే లోవరాజు నవ్వాడు.
"ఇందులో ఉమ్మెయ్యాలా?
ఎంగిలి కూడా చదువుతారేంటండీ!"
గీత దాకా రాలేదు.
పొద్దుటినుంచీ ఎండలో ఉన్న నోరు.
మంగాయమ్మగారు చెంబు తెచ్చి
ఎత్తునుంచి దోసిట్లో పోసింది,
అంచు అతని వేలికి తగలకుండా.
నీళ్ళు తాగాక అరగంట ఆగాలి, అది రూలు.
ఆ అరగంటా గొర్రెల్ని లెక్కపెట్టబోయాను.
నిలబడితేగా.

చేను గలాయన వీర్రాఘవులుగారు
తనది చిటికెలో నింపేశారు.
"రాసుకో అమ్మాయ్.
మేం ఎక్కణ్ణించీ రాలేదు. ఈ మట్టే."
'స్థానికం' అని రాసుకున్నాను.
ఇంద్రావతీ శబరీ ఎక్కడెక్కడివో గీరి
మోసుకొచ్చి పోసిన మట్టి,
ఆ గడిలో పట్టదు.

ఐసుపెట్టెలో రెండు గొట్టాలూ పక్కపక్కన.
కడియపులంక దాటాక బస్సు కుదుపుకి
ఒకదానికొకటి తగిలి
చిన్నగా మోగాయి.

కాగితాలు వానల్లో వచ్చాయి.
గింజ దాచి విత్తినవాళ్ళది కొంత,
ఎక్కడో చలిగడ్డి మైదానాల్లో
పశువుల వెనక నడిచినవాళ్ళది కొంత,
వీళ్ళెవరూ రాకముందే
ఇక్కడ దుంపలు తవ్వుకున్నవాళ్ళది చాలా.
ఇద్దరిలోనూ. పాళ్ళే తేడా.
పెద్దయ్యాక కూడా పాలు అరిగించే అక్షరం
చేను గలాయనలో ఉంది,
మంద గలవాడిలో లేదు.
తల్లివైపు దారి మాత్రం
వెనక్కి వెళ్ళి వెళ్ళి ఒకే గుమ్మంలో ఆగింది.
అక్కడ ఒకావిడ, ఇద్దరు కూతుళ్ళు.

ఆ తర్వాత ఎన్నాళ్ళో రాకపోకలున్నాయి.
డెబ్బై తరాల కిందట ఎవరో తలుపేశారు.
వేసిన సంగతి ఉమ్మిలో ఉంది,
వేసినవాడి పేరు లేదు.

పేర్లు బయటపెట్టకూడదు, అదీ రూలే.
"ఒక గొర్రెల కాపరి" అన్నాను.
ఆ ఏడు ఆ ఊరికొచ్చిన మంద ఒక్కటే.

వీర్రాఘవులుగారు కాగితం నాలుగు మడతలు పెట్టి
పంచాంగం కింద తోసేశారు.
కాలవకి నీళ్ళొచ్చాయి, ఊడ్పులు మొదలయ్యాయి,
మంద ఎప్పుడో మెట్టకి వెళ్ళిపోయింది.
మంగాయమ్మగారు చింతపండుతో చెంబు తోముతూ
వరస కట్టుకుంటోంది:
"అక్కచెల్లెళ్ళ బిడ్డలంటే
అన్నదమ్ములేగా."

కడిగింది. బోర్లించింది.
"అయితే నాకు మరిదే అవుతాడు."