పక్కన ఏం పెట్టాలి

ఉల్లిపాయలు రెండు కిలోలు.
గంటన్నరగా వేగుతున్నాయి, సన్నమంట మీద.
తెల్లగా మొదలై, గాజులా మారి, గడ్డిరంగు దాటి
ఇప్పుడు పాత వయొలిన్ రంగు దగ్గర
ఆగి ఆలోచిస్తున్నాయి.
సూపు గురించి నాకు దిగుల్లేదు.
దిజోన్ స్టేషన్ క్యాంటీన్‌లో ఇరవై ఆరేళ్లు
ఇదే వాసన కట్టుకుని తిరిగాను.
దిగులంతా దాని పక్కన ఏం పెట్టాలన్నదే.

రొట్టె? లోపలే ఉంది, మునిగి.
చీజ్? నెత్తి మీదే ఉంది, మూతలా.
బంగాళదుంపలు పెడితే
కిటకిటలాడే బస్సులోకి
ఇంకో పెళ్లిబృందాన్ని ఎక్కించినట్టు.
పోనీ బాతు కాలు వేయిద్దామంటే
ఎవరు పాట, ఎవరు పక్కవాద్యం తేలక
రెండూ కచేరీ మధ్యలో తగువుకి దిగుతాయి.

పై అంతస్తు ఫిలిబెర్త్ మెట్ల మీంచే తీర్పు చెప్పింది:
"హామ్ పెట్టు, ఎవరూ వంక పెట్టరు."
ఎవరూ వంక పెట్టని వంట
జీతానికి చేసినంత చాలు.

ఇవాళ వస్తున్నది అన్సెల్మ్.
రైలు చక్రాల్ని సుత్తితో కొట్టి
ఖంగుమనే మోతలో పగులు పట్టేవాడు.
తెల్లవారుజామున మూడింటికి, మార్సెయ్ బండి కదిలాక,
ఒక సూపు. పక్కన ఏమీ వద్దు.
ముఖం చూసింది తక్కువ.
వంటింటి కిటికీలోంచి తిరిగొచ్చే గిన్నెని చూసేదాన్ని.
అంచుకి మాడి అంటుకున్న చీజ్‌ని
కత్తిమొనతో చుట్టూ గీకి తినేవాడు.
వంద గిన్నెల్లో అతనిది ఏదో చెప్పగలను.
పేరు మాత్రం పదకొండేళ్లు తెలియదు.

మొన్న శనివారం సంతలో
ఉల్లి బుట్ట ముందు ఎదురుపడ్డాడు.
ఒక్కోదాన్నీ వేలిగోటితో తట్టి చూస్తున్నాడు.
"ఏమంటోంది?" అన్నాను నవ్వుతూ.
"ఏమో. అలవాటు. ఎడమ చెవి పూర్తిగా పోయింది."
నన్ను అడక్కుండానే నా నోరు
గురువారం భోజనానికి రమ్మంది.

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు.
మా అమ్మ ఆ మాట నమ్మే కాబోలు
తరగడమంతా నాకే వదిలేసేది.

సూపు మెత్తన. తీపి. చప్పుడు చేయదు.
దానికి ఎదురుచెప్పేది ఒకటి కావాలి,
చేదుగా, పుల్లగా, కొరికితే కరకరమని.
నేలమాళిగలో వెలుతురు చూపకుండా పెంచిన ఆండీవ్ ఆకులు,
పచ్చిగానే, నిలువునా చీల్చి.
మా ఊరి ఆవముద్ద ఒక చెంచా, వెనిగర్.
ఇప్పుడే చితక్కొట్టిన వాల్‌నట్లు.
పుల్లటి ఆపిల్, తొక్కతోనే.
వేలెడంత దోసకాయల ఊరగాయ కూడా,
అది నాకు.

నమిలిన చప్పుడు ఎముకలోంచి వెళుతుందనీ
దానికి చెవితో పనిలేదనీ
ఎప్పుడో ఎవరో చెప్పారు.
దవడ చాలట.

అరగంట ముందే వచ్చాడు.
పువ్వులు లేవు. చంకలో మూరెడు రొట్టె!
నేనేమీ అనలేదు.
పొయ్యి పక్కన వరసగా పెట్టిన ఖాళీ గిన్నెల్ని
చెంచాతో ఒక్కో దెబ్బ కొట్టి
కుడి చెవికి ఆనించుకున్నాడు.
"దీనికి పగులుంది."
తెలుసు. నాలుగేళ్లుగా తెలుసు. కారదు, అంతే.
"మార్చనా?"
"వద్దు. ఇది నాకివ్వండి."

ఓవెన్‌లో చీజ్ బుడగలు కక్కుతుండగానే
ఒక ఆండీవ్ ఆకు తీసి కొరికాడు.
నమలడం ఆపాడు.
మళ్లీ నమిలాడు, నెమ్మదిగా, తల ఒక పక్కకి వంచి,
పట్టాల మీద వంగినప్పటిలా.
ఏమీ చెప్పలేదు.
సూపు బల్ల మీదికి వచ్చేసరికి
పళ్లెంలో నాలుగు వాల్‌నట్లు మిగిలాయి.

పగులు గిన్నె ఖాళీ అయింది.
అంచుని సగం దాకా గీకాడు.
మిగతా సగం నా వైపు తిప్పి
కత్తి జరిపాడు.

రొట్టె ఎవరూ ముట్టలేదు. రేపటికి ఉంటుంది.